ఇంటికి ఏ ఎల్ఈడీ కొనాలి: బల్బా, ట్యూబా, ప్యానెలా, ఇన్వర్టర్ బల్బా? షాపుకెళ్ళే ముందు చూసుకోండి

మా పిన్ని కొడుకు తణుకు దగ్గర ఇల్లు కట్టుకుంటున్నాడు. మొన్న ఫోన్ చేసి "అన్నయ్యా, లైట్లకి మూడు ఎస్టిమేట్లు వచ్చాయి, ఒకడు పధ్నాలుగు వేలన్నాడు, ఇంకొకడు ముప్పై ఒకటి, మూడోవాడు నలభై దాటించాడు, అన్నీ ఎల్ఈడీలేనంట, మరి తేడా ఏంటంటే ఒక్కడూ సరిగ్గా చెప్పట్లేదు" అన్నాడు. నేను ఎలక్ట్రీషియన్ని కాదు, కాకపోతే మా బావ ఎలక్ట్రికల్ షాపులో నాలుగేళ్ళు సాయంత్రాలు కౌంటర్ దగ్గర కూర్చున్నాను, వారంటీకి తిరిగొచ్చిన బల్బులు డబ్బాలు డబ్బాలు చూశాను, ఆ లెక్కన వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా, ఇల్లు కట్టేవాళ్ళకీ పాత ఇంట్లో మార్చేవాళ్ళకీ పనికొస్తుందని.

ముందు ఒక సంగతి. ఎల్ఈడీ బల్బు పోయిందంటే లోపల వెలిగే చిప్పు పోయిందనుకుంటాం గానీ చాలాసార్లు పోయేది అది కాదు, దాని కింద ఉండే డ్రైవరు. ఇంటికొచ్చే 230 వోల్టుల ఏసీని చిప్పులకి కావాల్సిన డీసీగా మార్చి, కరెంటు పెరగకుండా తగ్గకుండా పట్టుకునే చిన్న సర్క్యూట్ అది. అందులో ఒక కెపాసిటర్ ఉంటుంది, లోపల ద్రవం ఉంటుంది, వేడికి అది మెల్లగా ఎండిపోతుంది. పది డిగ్రీల వేడి పెరిగితే దాని ఆయుష్షు సగానికి సగం పడిపోతుందని ఎలక్ట్రానిక్స్ వాళ్ళు లెక్కేస్తారు. డబ్బా మీద 25,000 గంటలని రాస్తారు చూడండి, అది చిప్పు వెలుగు 70 శాతానికి పడిపోవడానికి పట్టే టైమ్, డ్రైవరు అన్ని గంటలు బతుకుతుందని అర్థం కాదు. కాబట్టి ఏ ఎల్ఈడీ కొన్నా, నా దృష్టిలో మనం కొనేది డ్రైవర్ని, చిప్పు దాంతో పాటు వస్తుంది.

ఇది ఇలా ఎందుకయింది అంటే ధర కథ చెప్పాలి. 2014 జనవరిలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఈఈఎస్ఎల్ టోకున కొంటేనే ఒక్కో ఎల్ఈడీ బల్బు 310 రూపాయలు పడింది. అదే ఏడాది చివర్లో మన గుంటూరు, అనంతపురం, పశ్చిమ గోదావరి, శ్రీకాకుళం జిల్లాల్లో పాత గుండు బల్బులు రెండు ఇస్తే పది రూపాయల చొప్పున రెండు 7 వాట్ల ఎల్ఈడీలు ఇచ్చారు, గుర్తున్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, కరెంటాఫీసు దగ్గర క్యూలు. 2015 జనవరి 5న దేశమంతటికీ ఉజాలా స్కీము మొదలైంది, కోట్లలో ఆర్డర్లు పడ్డాయి, 2016కల్లా అదే బల్బు టోకు ధర 38 రూపాయలకి దిగింది. మొత్తం మీద ఆ స్కీములో 36 కోట్లకి పైగా బల్బులు పంచారు. ఇంత తక్కువ టైములో ఇంత మంది ఇళ్ళల్లోకి దూరిన వస్తువు సెల్‌ఫోను తర్వాత ఇదేనేమో అనిపిస్తుంది నాకు.

మా పిన్నివాళ్ళింట్లో ఆ పది రూపాయల బల్బు ఒకటి వసారాలో ఇంకా వెలుగుతోంది. చేత్తో పట్టుకుంటే బరువుగా ఉంటుంది, మెడ చుట్టూ అల్యూమినియం, రెక్కలు రెక్కలుగా. ఇప్పుడొచ్చే బల్బు చూడండి, దూదిలా తేలిగ్గా ఉంటుంది, పైనంతా ప్లాస్టిక్, లోపల పల్చటి రేకు. చిప్పులు నిజంగానే మెరుగయ్యాయి, తక్కువ వేడితో ఎక్కువ వెలుగిస్తున్నాయి, అది ఒప్పుకోవాలి, కానీ ధర తగ్గించే పోటీలో వేడి లాగే లోహం, మంచి కెపాసిటరు, సర్జ్ (ఒక్కసారిగా ఎగిసే వోల్టేజి) ఆపే చిన్న బిళ్ళ లాంటివి కూడా చాలామంది కోసేశారు. షాపులో పక్కపక్కన పెట్టిన 70 రూపాయల బల్బుకీ 140 రూపాయల బల్బుకీ తేడా చాలావరకు కంటికి కనపడని ఆ లోపలి సరుకులోనే ఉంటుంది.

పాతవి మార్చాలా, అలాగే ఉంచాలా

ఇక్కడ అందరూ ఒకే సలహా ఇచ్చేస్తారు, మార్చెయ్ అని. నేను అలా అనను, లెక్క చూడండి.

60 వాట్ల గుండు బల్బు రోజుకి ఆరు గంటలు వెలిగితే నెలకి దాదాపు 11 యూనిట్లు. దాని బదులు 9 వాట్ల ఎల్ఈడీ అయితే 1.6 యూనిట్లు. యూనిట్ ఆరు రూపాయలనుకుంటే నెలకి 55 రూపాయలు మిగులు, రెండు నెలల్లో బల్బు ఖరీదు వచ్చేసినట్టే. ఇంకా గుండు బల్బు వాడేవాళ్ళుంటే ఇది చదవడం ఆపేసి షాపుకెళ్ళొచ్చు.

పాత లావు ట్యూబులైటు మీద మాత్రం చాలామందికి తెలియని లెక్క ఉంది. ట్యూబు 40 వాట్లే, కానీ ఆ బరువైన చోక్ కూడా విడిగా పది పన్నెండు వాట్లు తింటుంది, అంటే మొత్తం 50 దాటుతుంది. 20 వాట్ల ఎల్ఈడీ పట్టీ (ట్యూబులా పొడుగ్గా ఉండే లైటు, షాపులో బ్యాటెన్ అంటారు) పెడితే రోజుకి ఎనిమిది గంటల మీద నెలకి ఏడున్నర యూనిట్ల దాకా మిగులుతుంది, పైగా స్టార్టరు టకటకలు, చోక్ గుయ్ గుయ్ మోత ఉండవు. మార్చండి.

సీఎఫ్ఎల్ ఉంటే మాత్రం తొందరపడకండి. 14 వాట్ల సీఎఫ్ఎల్ తీసి 9 వాట్ల ఎల్ఈడీ పెడితే నెలకి మిగిలేది ఒక్క యూనిట్ కూడా కాదు, ఐదారు రూపాయలు, అది పోయేదాకా వాడుకుని పోయాక మార్చండి. అది చేతిలో పగిలితే చీపురుతో ఊడ్చేయొద్దు, లోపల కొద్దిగా పాదరసం ఉంటుంది, కిటికీలు తీసి కాసేపు ఆగి తడి కాగితంతో ఎత్తి కవర్లో మూటకట్టి పారేయండి.

ఇంకోటి, జీరో బల్బు. పేరే జీరో గానీ పాత జీరో బల్బు 15 వాట్ల దాకా లాగేది, రాత్రంతా పడగ్గదిలో, దేవుడి గదిలో వెలిగితే నెలకి నాలుగు యూనిట్లు. అర వాటు ఎల్ఈడీ నైట్ ల్యాంపు అలాగే నెలంతా రాత్రిళ్ళు వెలిగినా యూనిట్లో ఏడో వంతు కూడా కాదు. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్లు దాటకుండా చూసుకునేవాళ్ళకి ఇలాంటి చిన్నచిన్నవే ఒక్కోసారి గట్టెక్కిస్తాయి. లైట్లన్నీ ఎల్ఈడీ అయిపోయినా బిల్లు తగ్గట్లేదంటే ఇక లైట్ల మీద కోపం పెట్టుకోకండి, పాత ఫ్యాను 75 వాట్లు, తక్కువ కరెంటు తినే మోటారుండే బీఎల్‌డీసీ ఫ్యాను 30 లోపు, తర్వాతి డబ్బు అక్కడ పెట్టండి.

బల్బా, పట్టీయా, ప్యానెలా

బల్బుకి ఉన్న గొప్పతనం ఏంటంటే పోతే మనమే మార్చుకోవచ్చు, హోల్డర్లోంచి తీసి ఇంకోటి పెట్టడమే, ఎవర్నీ పిలవక్కర్లేదు. అద్దె ఇంట్లో ఉండేవాళ్ళకి ఇదే నా ఓటు, ఇల్లు మారినప్పుడు జేబులో వేసుకుని పోవచ్చు. కాకపోతే బల్బు వెలుగు ఒకచోట గుప్పున పడుతుంది, మూలలు చీకటిగా ఉంటాయి.

హాలుకి, వంటింటికి, పిల్లలు చదువుకునే గదికి నాలుగడుగుల పట్టీ లైటు. 20 వాట్లకి రెండువేల లూమెన్లు ఇచ్చేది చూసి తీసుకోండి. అన్నట్టు వాట్లు చూసి వెలుగు అంచనా వేసే అలవాటు మానుకోవాలి, వాటు అంటే తినేది, లూమెన్ అంటే ఇచ్చేది. డబ్బా మీద వాట్లు పెద్దక్షరాల్లో ఉండి లూమెన్లు ఎక్కడా లేకపోతే ఆ డబ్బా మళ్ళీ షెల్ఫులో పెట్టేయండి. 9 వాట్ల బల్బు కనీసం 900 లూమెన్లు ఇవ్వాలి, ఇప్పుడున్న టెక్నాలజీకి అది పెద్ద కోరికేం కాదు.

పాత ట్యూబు ఫ్రేములోనే ఎల్ఈడీ ట్యూబు దూర్చేవాళ్ళు జాగ్రత్త. ఫిట్టింగు పాతదే ఉంచి డైరెక్ట్ వైరింగు చేస్తే చోక్, స్టార్టరు రెండూ తీసేయాలి, కొన్ని ట్యూబులకి రెండు వైర్లూ ఒకే చివర, కొన్నింటికి చెరో చివర. చెరో చివర ఇచ్చే రకంలో స్విచ్ ఆఫ్ చేయకుండా ఒక చివర పెట్టి రెండో చివర పట్టుకుంటే ఆ పిన్నులోంచి షాక్ కొట్టే అవకాశం ఉంది. నన్నడిగితే ఆ వంద రూపాయల ఆదాకి ఆశపడకుండా పాత ఫ్రేమంతా పీకేసి కొత్త పట్టీ బిగించుకోవడమే మేలు.

ఫాల్స్ సీలింగులో పెట్టే ప్యానెల్ లైట్లు చూడ్డానికి బావుంటాయి, గృహప్రవేశానికి వచ్చినవాళ్ళందరూ తల పైకెత్తి చూస్తారు. మా తమ్ముడి నలభై వేల ఎస్టిమేట్లో సగం ఇవే. వీటిలో రెండు రకాలు, డ్రైవరు వెనకాల విడిగా చిన్న డబ్బాలా వైరుకి వేలాడేది ఒకటి, లైటులోనే కలిసిపోయి ఉండేది ఇంకోటి. విడి డ్రైవరు రకమే తీసుకోండి, అది పోతే డ్రైవరు ఒక్కటే వందో నూటయాభయ్యో పెట్టి మార్చుకోవచ్చు, దాని మీద రాసిన మిల్లీయాంపుల అంకె, వోల్టుల రేంజి రెండూ పాతదానితో సరిపోవాలి. కలిసి ఉన్న రకం పోతే మొత్తం పారేయాలి, రెండేళ్ళ తర్వాత అదే సైజు గుంతకి సరిపోయే లైటు, అదే రంగు వెలుగుది దొరుకుతుందని గ్యారంటీ లేదు, అప్పుడు పన్నెండు లైట్లలో ఒకటి మాత్రం వేరే రంగులో పంటిలో పుప్పిలా కనపడుతుంది. అందుకే సీలింగు లైట్లు కొంటే ఒకటో రెండో ఎక్కువ కొని అటక మీద పెట్టుకోండి.

స్లాబులో పోసిన జంక్షన్ బాక్సుకి నేరుగా బిగించే లైట్లు కూడా ఇప్పుడు బాగా నడుస్తున్నాయి, ఫాల్స్ సీలింగు ఖర్చు లేకుండా. బాగానే ఉంటాయి, కాకపోతే డాబా మీద ఎండ పడే స్లాబు అయితే మే నెలలో ఆ బాక్సు లోపల ఎంత వేడుంటుందో ఊహించుకోండి, పై అంతస్తుకి వద్దు, కింద అంతస్తుకి ఓకే.

డీఓబీ అంటే ఏంటి, ఎందుకు పట్టించుకోవాలి

షాపువాడు "ఇది డీఓబీ సార్, తక్కువలో వస్తుంది" అంటాడు. డ్రైవర్ ఆన్ బోర్డ్, అంటే విడిగా డ్రైవరు లేకుండా చిప్పులున్న రేకు మీదే ఒకట్రెండు ఐసీలు (చిన్న ఎలక్ట్రానిక్ ముక్కలు) పెట్టి పని కానిచ్చేయడం. సామాను తక్కువ కాబట్టి ధర తక్కువ. హైదరాబాదులోనో విజయవాడలోనో కరెంటు నిలకడగా ఉండే అపార్టుమెంటులో ఇది బానే పనిచేస్తుంది, నేనూ మెట్ల దగ్గర, స్టోర్ రూములో అవే వాడుతున్నా.

ఊళ్ళో మాత్రం కథ వేరు. సాయంత్రం మోటార్లన్నీ ఒకేసారి ఆడినప్పుడు వోల్టేజి 160కి, ఒక్కోసారి ఇంకా కిందకి పడిపోతుంది. డీఓబీలో చిప్పులన్నీ దండలో పూసల్లా వరసగా కలిపి ఉంటాయి, వాటన్నిటికీ కలిపి కావాల్సిన వోల్టేజి అందకపోతే మసకబారి చివరికి ఆరిపోతాయి, దండలో ఒక్క పూస మాడినా దండంతా పోయినట్టే. మంచి స్విచింగ్ డ్రైవరు ఉన్న బల్బు అయితే డబ్బా మీద 100 నుంచి 300 వోల్టులని రాసి ఉంటుంది, అది లో వోల్టేజిలోనూ అదే వెలుగిస్తుంది. అందుకే పల్లెల్లో, ట్రాన్స్‌ఫార్మర్‌కి చివర్లో ఉన్న ఇళ్ళకి డబ్బులు ఎక్కువైనా ఈ రకమే, ఇందులో నాకు రెండో మాట లేదు.

ఇంక పెద్ద గండం న్యూట్రల్ తెగడం. గాలివానకి స్తంభం దగ్గర న్యూట్రల్ పోతే ఇంట్లోకి 400 దాకా వోల్టులు రావచ్చు, అప్పుడు ఏ బల్బూ నిలవదు, టీవీ ఫ్రిజ్జు కూడా పోతాయి, దానికి బల్బు కంపెనీని తిట్టి లాభం లేదు. పిడుగుల సీజన్లో వచ్చే క్షణకాలపు సర్జ్ అయితే వేరు, దానికి డబ్బా మీద సర్జ్ ప్రొటెక్షన్ 4 కేవీ (కిలోవోల్టులు) అని ఉన్నది 2.5 కేవీ దానికంటే నయం. ఊరి వీధి దీపాలకి కూడా ఇదే తలనొప్పి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖని ఊడ్చేశాక అక్కడ 90 వేల పైచిలుకు వీధి దీపాలు ఎల్ఈడీకి మార్చారు, కరెంటు ఖర్చు బాగా తగ్గింది. పంచాయతీలు చూసి నేర్చుకోవాల్సింది ఏంటంటే లైటు కొనడంతో సరిపోదు, సర్జ్ తట్టుకునే డ్రైవరు, పోతే వెంటనే మార్చే మెయింటెనెన్సు కాంట్రాక్టు, పగలు వెలగకుండా ఆపే టైమరు, ఈ మూడూ లేకపోతే రెండేళ్ళకి సగం స్తంభాలు గుడ్డివైపోతాయి.

కళ్ళు లాగుతున్నాయా

చవక డీఓబీతో ఇంకో గొడవ ఫ్లికర్. మన కరెంటు సెకనుకి 50 సార్లు తిరుగుతుంది, దాంతో వెలుగు సెకనుకి వంద సార్లు హెచ్చుతగ్గులవుతుంది, దాన్ని చదును చేసే కెపాసిటరు తీసేస్తే కంటికి తెలీకపోయినా తలనొప్పి, కళ్ళు లాగడం కొంతమందికి వస్తుంది. పరీక్ష తేలిక, షాపులోనే బల్బు వెలిగించి ఫోన్ కెమెరాని దగ్గరగా పెట్టి చూడండి, స్క్రీన్ మీద నల్ల చారలు పాకుతూ కనిపిస్తే పిల్లల చదువు గదికి అది వద్దు.

స్విచ్ ఆపినా బల్బు మసగ్గా వెలుగుతోందని దెయ్యం పట్టిందన్నట్టు ఫోన్ చేసినవాళ్ళున్నారు మాకు. స్విచ్‌లో చిన్న ఇండికేటరు లైటున్నా, ఫేజు బదులు న్యూట్రల్‌కి స్విచ్ పెట్టినా అలా జరుగుతుంది. మొదటిది ఫర్వాలేదు. రెండోది ప్రమాదం, స్విచ్ ఆపినా హోల్డర్లో కరెంటు ఉంటుంది కాబట్టి తప్పకుండా వైరింగు సరిచేయించండి.

తెలుపా, పసుపా

మనవాళ్ళకి తెల్ల లైటంటే పిచ్చి, 6500 కెల్విన్ (వెలుగు రంగుకి కొలత, అంకె తగ్గేకొద్దీ పసుపు) లేకపోతే "లైటు డల్లుగా ఉందండీ" అంటారు. అసలు తెల్ల ఎల్ఈడీ అంటే నీలం చిప్పు మీద పసుపు ఫాస్ఫర్ పూత, ఆ నీలం చిప్పు సాధించినందుకే అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురికి 2014లో ఫిజిక్స్ నోబెల్ ఇచ్చారు. 6500లో ఆ నీలం పాలు ఎక్కువ, పడుకునే ముందు అది మంచిది కాదు. వంటింటికి, చదువుకి 6500 లేదా 4000, పడగ్గదికి 3000. గుమ్మం ముందు లైటుకి కూడా 3000 పెట్టి చూడండి, తొలకరి వానలకి వచ్చే ఉసిళ్ళు, వరి కోతలప్పుడు వచ్చే దీపపు పురుగులు తెల్లదాని చుట్టూ మూగినంతగా పసుపుదాని చుట్టూ మూగవు. పూర్తిగా రాకుండా పోవు, తగ్గుతాయి.

ఇక సీఆర్ఐ అని ఒక అంకె ఉంటుంది, రంగులు ఎంత నిజంగా కనపడతాయో చెప్పేది. ఇంటికి 80 చాలు. చీరల షాపు, టైలరింగు, బ్యూటీ పార్లరు పెట్టుకునేవాళ్ళు మాత్రం 90 పైన తీసుకోండి, ఎర్రచీర షాపులో ఒకలా, ఇంటికెళ్ళాక ఇటుక రంగులో కనపడితే మాట పడేది మీరే.

ఇన్వర్టర్ బల్బు సంగతి

కరెంటు పోయినా మూడు నాలుగు గంటలు వెలిగే బల్బు. ఇంట్లో ఇన్వర్టరు లేనివాళ్ళకి, ముసలివాళ్ళు ఒంటరిగా ఉండే ఇంటికి ఒకటి బాత్రూము దారిలో, ఒకటి వంటింట్లో పెడితే చాలా మేలు. కానీ ఇల్లంతా ఇవే పెట్టకండి, లోపలున్న లిథియం బ్యాటరీ వేడికి ఏడాది రెండేళ్ళలోనే నీరసపడిపోతుంది, మామూలు బల్బుకి మూడు రెట్లు పెట్టి కొన్నది చివరికి మామూలు బల్బుగానే మిగులుతుంది. పైగా ఇవి రోజూ వాడే లైటుగా కంటే, కరెంటు తరచూ పోయే చోట వాడితేనే డబ్బు గిట్టుబాటు. ఇంట్లో పెద్ద ఇన్వర్టరు ఉంటే వీటితో పనే లేదు, కాకపోతే ఆ ఇన్వర్టరు స్క్వేర్ వేవ్ అనే చవక రకమైతే చవక ఎల్ఈడీలు గుయ్‌మంటాయి, సైన్ వేవ్ అయితే ఏ గొడవా ఉండదు.

కొనేటప్పుడు డబ్బా మీద ఆర్ అక్షరంతో మొదలయ్యే బీఐఎస్ (ప్రభుత్వ ప్రమాణాల సంస్థ) నంబరు ఉందా, కరెంటు ఆదా చూపే బీఈఈ స్టార్ లేబులు ఉందా చూడండి, బల్బులకి స్టార్ లేబులు 2018 నుంచి తప్పనిసరి. కిట్లు తెప్పించి ఇంట్లో బిగించి అమ్మేవాళ్ళ దగ్గర ఇవేవీ ఉండవు. వాళ్ళ పొట్ట కొట్టాలని కాదు, పోతే వాళ్ళే టంకం పెట్టి బాగుచేసిస్తారు కూడా, కానీ మాడిన చిప్పుని షార్టు చేసి వెలిగిస్తే మిగతావాటి మీద భారం పడి నెలా రెండు నెలల్లో మళ్ళీ పోతుంది. 2022 జులైలో జీఎస్టీ 12 నుంచి 18 శాతానికి పెరిగాక "బిల్లు లేకుండా అయితే తగ్గిస్తా" అనే మాట ఎక్కువైంది, బిల్లు లేకపోతే వారంటీ లేదు, ఆ పదో పరకో దగ్గర కక్కుర్తి పడకండి.

మా తమ్ముడికి చివరికి తేల్చింది ఇది: హాలుకి రెండు పట్టీలు, సీలింగులో ఆరే ఆరు ప్యానెళ్ళు విడి డ్రైవర్లవి, పడగ్గదులకి 3000 కెల్విన్ బల్బులు, పిన్ని నడిచే దారిలో ఒక ఇన్వర్టర్ బల్బు, పద్దెనిమిది వేల లోపు వచ్చింది. బాత్రూముకి వాడు గాజు డోము మూసేసి ఉండే ఫ్యాన్సీ ఫిట్టింగు ఎంచుకున్నాడు, అది మాత్రం వద్దన్నాను. మా ఇంట్లో అలాంటిదాన్లో 12 వాట్ల బల్బు పెడితే నాలుగు నెలలకోసారి పోయేది, మూడు మార్చాక గానీ గాలాడక ఉడికిపోతోందని బుర్రకి తట్టలేదు. ఇప్పుడు డోము తీసేసి 7 వాట్లది పెట్టాను, కొన్న తారీఖు మెడ మీద మార్కరుతో రాసి ఉంది, మూడో ఏడు నడుస్తోంది.